అకారముతో ఆగిన మహాయత్నము

ఆంధ్రవిజ్ఞానసర్వస్వము తొలి మూడు సంపుటములను తిరుగవేసిన వారికి ఒక విశేషము గోచరించును. ఎన్ని పుటలు త్రిప్పినను అందు అకారముతో మొదలగు విషయములే కానవచ్చును. ఆకారమున అడుగిడక మునుపే ఆ మహాయత్నము నిలిచిపోయెను. దానిని తలపెట్టినవారు కొమర్రాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారు. పదిమంది పంచుకొనదగిన పనిని ఒక్క దేహముతో మోయబూనిన ఆ మహనీయుని జీవితము విద్యార్థులకును ఉపాధ్యాయులకును తెలియదగినది.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. నాగపురమున అక్కగారైన బండారు అచ్చమాంబ ఇంట నుండి ఉన్నతవిద్య నార్జించిరి. అక్క ఆయనకు నీడనొసగెను. ఆయన అక్కకు చదువు నొసగెను. ఆ చదువు ఫలించి అచ్చమాంబ తెలుగు కథారచయిత్రులలో తొలితరమువారిలో నిలిచెను. స్త్రీల చరిత్రలను సంపుటీకరించి, 1905లో చిన్నవయసుననే కన్నుమూసెను.

ఉద్యోగరీత్యా లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమునకు దివాను. సంస్థానమనగా లెక్కలు, తగవులు, న్యాయస్థానములు, ప్రయాణములు. ఒక మనుష్యుని దినమును నింపుటకు ఆ పని చాలును. కాని వారి మనస్సు అంతటితో తృప్తి చెందలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము నెలకొల్పినవారిలో వారు ముఖ్యులు. 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. చరిత్రయు, ప్రకృతిశాస్త్రములును, మహాపురుషుల జీవితములును తెలుగున వెలువడుటకు ఆ మండలి బాటవేసెను. వారు స్వయముగా శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును రచించిరి.

ఇన్ని భారములుండగనే 1912-13 ప్రాంతమున విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. బ్రిటానికా వంటి గ్రంథము తెలుగువారికిని ఉండవలెనని వారి సంకల్పము. ఆంగ్లమున అట్టి గ్రంథమునకు పండితబృందములు కలవు, ధనబలము కలదు, స్థిరపడిన పరిభాష కలదు. తెలుగున వీనిలో ఏదియు సమృద్ధిగా లేదు. సంపాదకుడు విషయసూచిక నిర్ణయింపవలెను, వ్రాయగలవారిని వెదకి వ్రాయింపవలెను, శాస్త్రపదములు కల్పింపవలెను, వచ్చిన వ్యాసములను సరిదిద్దవలెను, రానివానిని తానే వ్రాయవలెను, అచ్చుచిత్తులు దిద్దవలెను. మల్లంపల్లి సోమశేఖరశర్మ, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, వైద్యులైన ఆచంట లక్ష్మీపతి మొదలగువారు తోడ్పడిరి. అయినను భారములో పెద్దపాలు పంతులుగారిదే. పగలు సంస్థానపు వ్యవహారములు, రాత్రులు గ్రంథరచన. మూడు సంపుటములు వెలువడిన పిదప ప్రచురణ నిలిచెను.

వారికి ఉబ్బసవ్యాధి కలదు. ఆ వ్యాధిని శ్రమయే పుట్టించెనని చెప్పుట న్యాయము కాదు. కాని ఉబ్బసరోగికి నిద్రయు విశ్రాంతియు ఎంత అవసరమో వైద్యులెరుగుదురు. అవి రెండును వారికి కరవయ్యెను. 1919 మే 27వ తేదీన వీరేశలింగం పంతులుగారు మద్రాసున వేదవిలాసమను లక్ష్మణరావుగారి ఇంటనే కాలధర్మము చెందిరి. ఆ వృద్ధుడును తుదిదినములవరకు గ్రంథపరిష్కరణమును విడువలేదు. దానిని కన్నులార చూచినను లక్ష్మణరావుగారు తమ వేగమును తగ్గించుకొనలేదు. ఆగిన సర్వస్వమును మరల సాగింపబూని, ఆంధ్రులకు సంబంధించిన విషయముల సేకరణలో మునిగియుండగనే, 1923 జూలై 12వ తేదీన మద్రాసున అస్తమించిరి. వయస్సు నలువదియారు సంవత్సరములు.

వీరేశలింగముగారు గతించిన 1919వ సంవత్సరముననే అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒప్పందముగా కర్మాగారములలో దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటల పనిని హద్దుగా నిర్ణయించెను. కాని రాత్రివేళ దీపము ముందు కూర్చుండి వ్రాయువానికి హద్దు గీయువారెవ్వరు? ఆ సంస్థయు ప్రపంచ ఆరోగ్యసంస్థయు కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, దీర్ఘకాలపు పనిగంటల వలన 2016లో సంభవించిన పక్షవాత, హృద్రోగ మరణములు 7 లక్షల 45 వేలు. వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారికంటె, 55 గంటలు లేక అంతకుమించి పనిచేయువారికి పక్షవాతపు ప్రమాదము 35 శాతమును, హృద్రోగమున మరణించు ప్రమాదము 17 శాతమును అధికమని తేలినది. నిద్ర తగ్గుట, మనస్సునకు ఎడతెగని ఒత్తిడి, నడక లేకుండుట, వేళకు భోజనము చేయకుండుట ఇందులకు మార్గములు. ఇష్టముతో చేసిన పనియైనను శరీరము లెక్కవేయక మానదు.

లక్ష్మణరావుగారి అనంతరము 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ గ్రంథమును మరల చేపట్టిరి. 1947లో ఏర్పడిన తెలుగుభాషాసమితి వేరొక విజ్ఞానసర్వస్వమును పలువురు పండితులచే కూర్పించెను. లక్ష్మణరావుగారికడ పని నేర్చిన సోమశేఖరశర్మగారు అందును కృషిచేసిరి. ఆలోచన నశింపలేదు; దానికి పలువురి భుజములు దొరకినవి. తండ్రి మరణమునాటికి విద్యార్థినిగా ఉండిన కుమార్తె, మేనత్త పేరునే ధరించిన అచ్చమాంబ, వైద్యురాలై తల్లులకును బిడ్డలకును సేవచేసెను.

తనకల్లున నుండి ఈ చరిత్రను తలచునపుడు, మా కదిరి ప్రాంతమందలి తిమ్మమ్మ మర్రిమాను జ్ఞప్తికి వచ్చును. ఈ కరవునేలపై ఆ చెట్టు శతాబ్దములుగా నిలిచియుండుట ఒక్క మొదలు బలముచేత కాదు. ఊడలు దిగి, ఒక్కొక్కటి మ్రానై, కొమ్మల బరువును పంచుకొన్నవి. లక్ష్మణరావుగారి వృక్షమునకు ఊడలు ఆలస్యముగా దిగినవి. అప్పటికి మొదలు ఒరిగిపోయెను.

అర్ధరాత్రివరకు జవాబుపత్రములు దిద్దు ఉపాధ్యాయులును, పరీక్షలముందు నిద్రమానుకొను విద్యార్థులును పంతులుగారి దీక్షను తప్పక గైకొనవలెను. వారి జాగరణమును మాత్రము గైకొనరాదు. ఇంకొక ఇరువదియేండ్లు వారు జీవించియుండినచో మన భాషకు దక్కియుండెడి సంపుటములెన్నియో ఆ మూడు సంపుటముల ప్రక్కనున్న ఖాళీచోటు తెలుపుచున్నది.