చదువు ఋణం తీర్చుకున్న మహనీయుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్

మన సభ్యుల ఇళ్లలో పిల్లల చదువు సంగతి ఇప్పుడు డిగ్రీతో ఆగడం లేదు. విదేశంలో పైచదువు, అక్కడే డాక్టరేటు అనే మాట రాజమండ్రిలోనూ, కాకినాడలోనూ, భీమవరంలోనూ వినవస్తోంది. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ మాట వచ్చినప్పుడల్లా తల్లిదండ్రుల మనసులో రెండు దిగుళ్లు కదులుతాయి. అంత డబ్బు ఎక్కడినుంచి తేవాలి అన్నది మొదటిది. అంత దూరం పోయి నేర్చిన చదువు చివరకు ఎవరికి పనికివస్తుంది అన్నది రెండవది. మొదటి దిగులుకు స్కాలర్‌షిప్పులున్నాయి, బ్యాంకు అప్పులున్నాయి. రెండవదానికి మాత్రం ఒక మనిషి జీవితమే జవాబు చెప్పాలి. అలాంటి జీవితం కీర్తిశేషులు డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారిది. ఆయన భారత రాష్ట్రపతి అయిన సంగతి మనందరికీ తెలుసు. బెర్లిన్‌లో ఆయన ఏం చదివారో, ఆ చదువును ఇంటికి తెచ్చి ఏం చేశారో ఎరిగినవారు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆ సంగతి చెప్పదలచాము.

జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8న మన తెలుగు నేల మీదే, హైదరాబాదులో జన్మించారు. పూర్వీకులు ఉత్తరాదిన ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌లో స్థిరపడిన పఠాన్లు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు నిజాం రాజధానికి వచ్చి వకీలుగా పేరు సంపాదించారు. ఏడుగురు మగపిల్లలలో జాకిర్ మూడవవాడు. 1907లో తండ్రి క్షయవ్యాధితో కన్నుమూయగా, తల్లి నాజ్నీన్ బేగం గారు పిల్లలను వెంటబెట్టుకొని కాయంగంజ్ చేరారు. జాకిర్ ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేరాడు. 1911లో ప్లేగు వచ్చి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే ఇటు తండ్రీ లేడు, అటు తల్లీ లేదు. అలాంటి ఇంట్లో పిల్లలు చెల్లాచెదరు కావడమే లోకరీతి. కాని ఆ అన్నదమ్ములు పుస్తకం వదలలేదు. తర్వాతి కాలంలో జాకిర్ బెర్లిన్ నుంచి, తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ పారిస్ నుంచి, ఇంకో తమ్ముడు మహమూద్ హుస్సేన్ హైడెల్‌బర్గ్ నుంచి డాక్టరేట్లు తెచ్చుకున్నారు. యూసుఫ్ హుస్సేన్ గారు మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే చరిత్ర ఆచార్యులుగా పనిచేశారు.

హైస్కూలు అయ్యాక జాకిర్ అలీగఢ్‌లోని ఎం.ఏ.ఓ. కాలేజీలో చేరారు. మొదట డాక్టరు కావాలనే కోరిక. అందుకోసం లక్నో కూడా వెళ్లారు. జబ్బు చేసి ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. తిరిగి అలీగఢ్ వచ్చి 1918లో డిగ్రీ పూర్తిచేసి, ఎం.ఏ.లో అర్థశాస్త్రం తీసుకున్నారు. వైద్యుడు కావలసినవాడు అర్థశాస్త్రంలోకి వచ్చాడన్నమాట. చదువుకుంటూనే చిన్న తరగతులకు పాఠాలు చెప్పేవారు.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. సర్కారు సహాయంతో నడిచే విద్యాలయాలను విడిచి రమ్మని పిలుపునిచ్చారు. జాకిర్ హుస్సేన్ గారికి అప్పుడు 23 ఏళ్లు. పెళ్లయినవారు. కాలేజీలోనే ఉండిపోతే మంచి ఉద్యోగం ఖాయం. అయినా బయటికి నడిచిన విద్యార్థుల, అధ్యాపకుల ముందు వరుసలో ఆయనే నిలిచారు. అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమయింది. గుడారాలలో, అద్దె ఇళ్లలో నడిచిన విద్యాలయం అది. సర్కారు డబ్బు తీసుకోదు. దాని పట్టాలకు సర్కారు గుర్తింపూ లేదు. అక్కడ రెండేళ్లు పనిచేసిన తర్వాత, తాము పిల్లలకు చెప్పవలసినదానికన్నా తమకు తెలిసినది తక్కువ అన్న భావం కలిగి, 1922లో ఆయన జర్మనీకి ప్రయాణమయ్యారు.

ఇంగ్లాండు కాకుండా జర్మనీ ఎందుకు? ఆ రోజుల్లో పై చదువంటే మనవాళ్లకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లండన్ పేర్లే తెలుసు. పాలించే దేశంలోని విద్యాలయం కన్నా వేరే చోట చదవాలని జాతీయవాదులు కొందరు జర్మనీ వైపు చూశారు. పైగా యుద్ధంలో ఓడిన జర్మనీలో మార్కు విలువ రోజురోజుకూ కరిగిపోతూ ఉండేది. బయటి దేశపు డబ్బు చేతిలో ఉన్న విద్యార్థికి అక్కడ కొద్దిలో జరిగిపోయేది. కాని ఆ దేశపు జనానికి ఆ కరువు ఎంత కఠినమో కూడా ఆయన కళ్లతో చూశారు. 1923 నవంబరుకు ఒక్క అమెరికా డాలరుకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు పలికాయి. జీవితాంతం కూడబెట్టినది రొట్టెముక్కకు చాలని రోజులవి. అర్థశాస్త్రం విద్యార్థికి అంతకన్నా పెద్ద పాఠశాల ఏముంటుంది!

బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆయన గురువు వెర్నర్ సోంబార్ట్. ఆధునిక పెట్టుబడిదారీ వ్యవస్థ మీద పెద్ద గ్రంథం రాసి యూరప్ అంతటా పేరుపొందిన ఆచార్యుడు. సోంబార్ట్ పద్ధతిలో అర్థశాస్త్రమంటే ధరలు, లెక్కలు మాత్రమే కాదు. ఒక దేశంలో డబ్బు ఎలా పుడుతోంది, ఎవరి చేతికి పోతోంది అని తెలియాలంటే ఆ దేశపు చట్టం, ఆచారం, అధికారం, మనుషుల మనస్తత్వం అన్నీ కలిపి చూడాలి. ఈ రోజుల్లో విశ్వవిద్యాలయాలు ఆర్థిక సామాజికశాస్త్రం, రాజకీయ అర్థశాస్త్రం అనే పేర్లతో డాక్టరేటుకు చదివిస్తున్నది ఈ త్రోవలోని చదువే. జాకిర్ హుస్సేన్ గారు తమ పరిశోధనకు బ్రిటిష్ ఇండియాలోని వ్యవసాయ వ్యవస్థను విషయంగా తీసుకున్నారు. ఆ సిద్ధాంత వ్యాసానికి 1926లో డాక్టరేటు లభించింది.

ఈ చదువు ఏమిటో మన డెల్టా వాళ్లకు విడమర్చి చెప్పడం కష్టం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి నీరు కాలువల్లోకి వచ్చింది. నీరు ఒకటే, మట్టి ఒకటే, నాటిన వరీ ఒకటే. కాని ఒక ఊళ్లో రైతు శిస్తు నేరుగా సర్కారుకు కట్టేవాడు. పక్క ఊళ్లో జమీందారుకు కట్టేవాడు. ఇంకొకడు సొంత భూమి లేక కౌలుకు దున్ని, పండినదాంట్లో మక్తా కొలిచి, షావుకారు వడ్డీ తీర్చి, మిగిలినదే ఇంటికి తెచ్చుకునేవాడు. ఆనకట్ట అందరికీ నీళ్లిచ్చింది గాని ఆ నీటివల్ల వచ్చిన లాభం అందరికీ ఒకేలా పంచలేదు. పంచినది చట్టం, కాగితం, అలవాటు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం, 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చాయంటే అందుకే కదా. పంట ఎంత పండిందన్న లెక్కతో ఆగకుండా, ఎవరి గాదెకు పోయిందని అడగడమే ఈ శాస్త్రంలోని సారం. జాకిర్ హుస్సేన్ గారు అలాంటి ప్రశ్నను భారతదేశమంతటికీ వేసుకున్నారు.

బెర్లిన్‌లో ఆయన ఒక్క అర్థశాస్త్రంతో సరిపెట్టుకోలేదు. చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న కెర్షెన్‌స్టైనర్ భావాలను శ్రద్ధగా అధ్యయనం చేశారు. గాంధీజీ గురించి జర్మన్ భాషలో వచ్చిన ఒక పుస్తకానికి తోడ్పడ్డారు. 1925లో అక్కడి కావియానీ ప్రెస్సులో గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించారు. ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ అనే ఇద్దరు విద్యావంతులు అక్కడే ప్రాణస్నేహితులయ్యారు. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళతోనూ అక్కడే పరిచయం కలిగింది. ఆమె 1933లో జామియాకు వచ్చి చిన్నపిల్లల బడికే జీవితం అంకితం చేసి, 1943లో ఇక్కడే కన్నుమూశారు.

ఇక్కడ జామియా పరిస్థితి ఏమిటి? 1924లో ఖిలాఫత్ అంతరించింది. ఉద్యమం చల్లబడింది. దానితోపాటే చందాలూ ఆగిపోయాయి. మూసేద్దామన్న మాట పెద్దల నోటనే వచ్చింది. హకీం అజ్మల్ ఖాన్ గారు ధైర్యం చేసి 1925లో విద్యాలయాన్ని ఢిల్లీ కరోల్ బాగ్‌కు మార్చారు. గాంధీజీ కూడా మూయవద్దని భరోసా ఇచ్చారు. సంగతి బెర్లిన్ చేరింది. ముగ్గురు స్నేహితులు ఆలోచించుకొని, మేము వస్తాము, జీవితం జామియాకే ఇస్తాము, అందాకా నిలపండి అని కబురు చేశారు. 1926లో తిరిగి వచ్చారు. కొత్త డాక్టరేటు చేతబట్టుకొని, ఏ పెద్ద కాలేజీ అయినా పిలిచి కుర్చీ వేసే స్థితిలో ఉండి, 29 ఏళ్ల వయసులో జాకిర్ హుస్సేన్ గారు జీతాలకు కూడా తడుముకుంటున్న బడికి వైస్ చాన్సలర్ అయ్యారు.

1927 డిసెంబరులో హకీం సాహెబ్ పోవడంతో ఉన్న ఆధారమూ పోయింది. మరుసటి ఏడు పదకొండుమంది అధ్యాపకులు ప్రతిజ్ఞ పట్టారు. ఇరవై ఏళ్లు జామియాను విడవము, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోము అన్నది ఆ ప్రతిజ్ఞ. ఆ 150 కూడా నెలనెలా చేతికి వచ్చిందనుకోవద్దు. ఎన్నో నెలలు సగం జీతాలే. ఆయన భార్య షాజహాన్ బేగం గారు ఆ లోటును ఇంట్లో ఎలా సర్దుకున్నారో మన గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రతిజ్ఞలో ఆమె సంతకం లేకపోయినా సగభారం ఆమెదే.

బెర్లిన్ చదువు ఇక్కడే అక్కరకు వచ్చింది. పెద్ద దాతల మీద ఆధారపడిన సంస్థ దాతల ఇష్టానికి లొంగిపోతుందని ఆయన ఎరుగుదురు. అందుచేత ఏడాదికి కొద్దిపాటి చందా ఇచ్చే సామాన్యులను వేలసంఖ్యలో కూడగట్టే పద్ధతి పెట్టారు. జామియా హమ్దర్దులన్నది వారి పేరు. మన సంఘంలాంటి సంఘాలన్నిటికీ అది ఈనాటికీ పాఠమే. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడు ఏ నవాబునో, నాయకుణ్ణో పిలవలేదు. బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత రాయి వేయించారు.

1937లో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం జరిపి, పాఠ్య ప్రణాళిక సంఘానికి జాకిర్ హుస్సేన్ గారిని అధ్యక్షులుగా నియమించారు. మాతృభాషలో, ఒక చేతిపని కేంద్రంగా ఏడేళ్ల చదువు అన్నది ఆ ప్రణాళిక. పిల్లలు నేసిన గుడ్డ అమ్మి బడి ఖర్చు వెళ్లదీయాలన్న భావం దగ్గర మాత్రం ఆయన గాంధీజీ ఎదుటనే జాగ్రత్త చెప్పారు. లెక్క కుదర్చడం కోసం ఉపాధ్యాయుడు పిల్లలను కూలీలుగా మార్చే ప్రమాదముందని గుర్తుచేశారు. గౌరవం వేరు, తలూపడం వేరు. అయినా ముస్లిం లీగ్ ఆ ప్రణాళికను తీవ్రంగా వ్యతిరేకించింది. ఇటు సర్కారుకూ కానివాడు, అటు సొంత కౌములో చాలమందికీ కానివాడు. అయినా బడి గంట ఆగలేదు.

ఇంకొక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అర్థశాస్త్రవేత్తగా ఆయన రాయగలిగినంత రాయలేదు. ఫ్రెడరిక్ లిస్ట్ గారి అర్థశాస్త్ర గ్రంథాన్ని, ప్లేటో రిపబ్లిక్‌ను ఉర్దూలోకి అనువదించారు. పెట్టుబడిదారీ వ్యవస్థ మీద ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలిచ్చారు. పిల్లల కోసం కథలు రాశారు. బెర్లిన్‌లో ప్రారంభమైన పరిశోధన మాత్రం ఆ స్థాయిలో ముందుకు సాగలేదు. చందాల వసూళ్లు, జీతాల లెక్కలు, హాస్టలు వంటిల్లు ఆ కాలాన్ని తినేశాయి. ఇది నష్టం కాదని మేము అనము. ఆ నష్టాన్ని ఆయన తెలిసి భరించారని మాత్రం అంటాము. పండితుడు ఒకడు తగ్గాడు, ఒక విద్యాలయం నిలిచింది.

1946 నవంబరులో జామియా రజతోత్సవానికి నెహ్రూ గారిని, జిన్నా గారిని ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, దేశంలో అంటుకున్న మంటను ఆర్పమని ఆయన వేడుకున్నారు. మంట ఆరలేదు. 1947 ఆగస్టులో జలంధర్ స్టేషనులో ఆయన ప్రాణమే పోవలసింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. ఆ మరుసటి ఏడు, అందరూ అనుమానంగా చూస్తున్న అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా వెళ్లి 1956 దాకా దానిని నిలబెట్టారు. 23వ ఏట తాను విడిచివచ్చిన చోటనే 51వ ఏట కాపలాదారుగా నిలిచారు.

మిగిలినది మనకు తెలిసిన చరిత్రే. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు ప్రత్యర్థిగా నిలిచినవారు మన రాజమండ్రిలో పుట్టిన మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. హైదరాబాదులో పుట్టినవారొకరు, గోదావరి ఒడ్డున పుట్టినవారొకరు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 లభించాయి. మే 13న ఆయన దేశానికి మూడవ రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. ఆ జామియా 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది.

మన పిల్లలు బెర్లిన్ వెళ్లనీ, లండన్ వెళ్లనీ, ఆడపిల్లలు కూడా వెళ్లనీ. అప్పు చేసి పంపినా తప్పులేదు. అందరూ తిరిగి రావాలని మేము శాసించము, ఎవరి పరిస్థితి వారిది. అయితే బ్యాంకు అప్పు వాయిదాలతో తీరుతుంది. చదువు అప్పు అలా తీరదు. ఎక్కడ ఉన్నా, తన ఊరి పంట ఎవరి గాదెకు పోతోంది, తన వీధిలో ఏ పిల్ల బడి మానేసింది అని అడిగేవాడే దానిని తీర్చగలడు. పంపేముందు పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పి పంపుదాం.