జకార్తాలో స్వర్ణం గెలిపించిన హైదరాబాద్ ఉస్తాద్

ఫుట్‌బాల్ అనగానే మన పిల్లలు బ్రెజిల్, అర్జెంటీనా ఆటగాళ్ల పేర్లు గడగడా చెప్పేస్తారు. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన ఒక మనిషి భారత జట్టును రెండుసార్లు ఆసియా క్రీడల విజేతగా నిలిపారన్న సంగతి మాత్రం వారిలో కొందరికే తెలుసు. ఆయనే మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం. పాతతరం హైదరాబాదీలకు ఆయన రహీం సాబ్.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. డిగ్రీ పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిని ఎన్నుకున్నారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు.

ఆయన శిక్షణలో మొదటినుంచీ కనిపించేది ఉపాధ్యాయుని చూపే. పిల్లవానిలో ఏ లోపం ఉందో ముందు దాన్ని కనిపెట్టి, సరిదిద్దేవారు. ఆటగానికి ఒక కాలే బాగా ఆడితే, బలహీనమైన రెండో కాలితో మాత్రమే బంతిని తన్నాలనే షరతుతో పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకునే అలవాటు మాన్పించడానికి, డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే పోటీలు నిర్వహించేవారు. బంతి తోటివాడికి అందాలి, తాను ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి. ఇదే ఆయన పాఠం.

ఈ తర్బియత్ ఫలితం త్వరలోనే కనిపించింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో, ఆయన శిక్షణలోని భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది.

మరుసటి ఏడాదే ఘోర పరాభవం ఎదురైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడింది. చలిలో మనవారిలో చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడారు. రహీం సాబ్ నిరాశపడి కూర్చోలేదు. బూట్లతో ఆడే కొత్త జట్టును తయారుచేశారు. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. ఆ జట్టులో హైదరాబాద్ కుర్రాళ్లు పలువురు ఉన్నారు.

అసలు పరీక్ష 1962లో జకార్తాలో ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. దీనిపై భారత క్రీడా ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనవారిపై ఆగ్రహించారు. మైదానంలోనూ ఆరంభం బాగాలేదు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో మనల్ని ఓడించింది. ఆ తరువాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో మనవారు ఓడించారు. ఫైనల్‌లో మళ్లీ ఎదురుపడింది అదే దక్షిణ కొరియా.

డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే లేచాడు. రహీం సాబ్ జర్నైల్‌ను ముందు వరుసకు పంపారు, తంగరాజ్‌నే గోల్ ముందు నిలబెట్టారు. సెప్టెంబర్ 4న సుమారు లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ చేశారు. మ్యాచ్ చివర్లో కొరియా ఒక గోల్ వేసినా 2-1తో స్వర్ణం మనదే అయింది. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఆ రోజు గ్యాలరీలోంచి భారత్‌ను ఉత్సాహపరిచారని మన జట్టువారు తరువాత గుర్తుచేసుకునేవారు.

బెంగాలీ, సిక్కు, తమిళ, గోవా, హైదరాబాద్ యువకులు ఒకే కుటుంబంలా ఆడిన జట్టు అది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్ కుర్రాడు యూసుఫ్ ఖాన్ అందులో పక్కపక్కనే నిలిచారు. వారిని కలిపి ఉంచింది ఉస్తాద్ మీది నమ్మకం. ఆయన దృష్టిలో అందరూ శిష్యులే, అందరికీ ఒకే కొలత.

ఆ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. క్యాన్సర్ వ్యాధితో రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. జకార్తా విజయానికి అప్పటికి తొమ్మిది నెలలు. ఆయన తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో మరో స్వర్ణం తేలేదు. ఆయన జీవితంపై మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో వచ్చాకే దేశంలో చాలామందికి ఆయన పేరు తెలిసింది.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆయన నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. పిల్లవాడి బలహీనతను చూసి కోప్పడడం, పక్కింటి పిల్లలతో పోల్చడం తేలిక. ఆ బలహీనమైన కాలికే ఓపికగా పని చెప్పి దాన్ని బలంగా మార్చడం కష్టం. రహీం సాబ్ జీవితమంతా ఆ కష్టమైన పనినే చేశారు. ఒక బడిపంతులు దేశానికి ఇంతకన్నా ఏమివ్వగలడు?