పాటను బొమ్మగా మలిచిన మన జన్‌గఢ్ సింగ్ శ్యామ్



మన ఆదిలాబాద్ ప్రాంతంలో కిక్రి వాయిస్తూ గోండుల పురాణ కథలు పాడేది ప్రధాన్‌లు. మధ్యప్రదేశ్‌లోని ప్రధాన్‌లు అదే పనిని బానా అనే వాద్యంతో చేస్తారు, బడాదేవ్‌ను కొలుస్తూ పాడతారు. అలాంటి ఇంట పుట్టి, ఆ కథలను రంగుల్లోకి తెచ్చిన చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్.

ఆయన 1960ల మొదట్లో అప్పటి మండ్లా జిల్లాలోని పాటన్‌గఢ్‌లో పేద కుటుంబంలో పుట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. బర్రెలు కాశారు. ఇంటి గోడల మీద బొమ్మలు వేయడం మాత్రం మానలేదు.

భోపాల్‌లో భారత్ భవన్ సిద్ధమవుతున్న రోజులవి. చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ పల్లెల్లోని కళాకారులను వెతకడానికి తన బృందాలను పంపారు. పాటన్‌గఢ్ గోడల మీది బొమ్మలు వాళ్ల కంటపడ్డాయి. అలా ఇరవై ఏళ్ల వయసులో జన్‌గఢ్ భోపాల్ చేరారు. కాగితం, కుంచె, కొత్త రంగులు చేతికందాయి.

ఇక అడవి అంతా ఆయన కాగితం మీదికి వచ్చింది. జింక, పులి, మొసలి, పాము, పక్షులు, వాటితోపాటు దేవతలు. జింక కొమ్ములు చెట్టు కొమ్మల్లా విచ్చుకునేవి. ఒళ్లంతా చుక్కలు, సన్నని గీతలు. ఆ శైలికి జన్‌గఢ్ కలమ్ అని పేరొచ్చింది. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద అంతర్జాతీయ ప్రదర్శనలో ఆయన చిత్రాలు పెట్టారు. భోపాల్ విధాన భవన్ గోడల మీద కూడా ఆయన బొమ్మలున్నాయి.

తాను ఎదిగి ఊరుకోలేదు. ఊరి నుంచి బంధువులను పిలిపించి, ఇంట్లో పెట్టుకుని పని నేర్పారు. భోపాల్‌లో రాత్రి కాపలా వంటి పనులు చేసుకుంటున్న భజ్జూ శ్యామ్ చేతికి కుంచె ఇచ్చింది ఆయనే. ఆ భజ్జూకు 2018లో పద్మశ్రీ వచ్చింది. జన్‌గఢ్ భార్య నన్‌కుసియా, పిల్లలు జపానీ, మయాంక్ కూడా చిత్రకారులే.

2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో పనిచేస్తూ, ఇంటికి దూరంగా, నలభై ఏళ్ల లోపే ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆదివాసీ కళాకారులకు దక్కే ప్రతిఫలం ఎంత, వారికిచ్చే గౌరవం ఎంత అని దేశంలోని కళాకారులెందరో అప్పుడు గట్టిగా అడిగారు.

మిత్రులారా, ఈ జీవితంలోని రెండు విషయాలూ మనకు కావాలి. చేతిలో ఉన్న విద్యను చిన్నచూపు చూడకండి. పని ఒప్పుకునే ముందు కాగితం చదివించుకోండి, డబ్బు, గడువు, తిరుగు ప్రయాణం తేల్చుకోండి. దూరాన మనసు బరువెక్కితే దాచుకోకుండా ఇంటివాళ్లకో, స్నేహితులకో చెప్పండి.

మన పెద్దలు పాడే కథల్లోనూ పులులు, నెమళ్లు, చెట్లు, దేవతలు ఉన్నారు. ఈ ఏడాది ఒక్క కథైనా కూర్చుని వినండి. విన్నది గీయండి.