డునెడిన్ దర్జీ స్త్రీల నాయకురాలు హ్యారియట్ మోరిసన్

హ్యారియట్ మోరిసన్ 1862 ప్రాంతమున ఐర్లండు దేశమున జన్మించెను. తండ్రి దర్జీ. కుట్టుపని ఆమెకు ఇంటి విద్య. చిన్ననాటనే కుటుంబముతో న్యూజీలాండు చేరెను.

ఆనాటి డునెడిన్ బంగారముచే పెరిగిన పట్టణము. బట్టల కర్మాగారములకు కొదువ లేదు. అయినను కుట్టు స్త్రీలకు కడుపు నిండెడిది కాదు. చొక్కాకు ఇంత అని కూలి లెక్క. పగలు కర్మాగారమున కుట్టి, మిగిలిన గుడ్డలను ఇంటికి మోసికొనిపోయి రాత్రి దీపము వద్ద కుట్టెడివారు. తోటలలో టాస్కు పని చేసిన మన గిర్మిట్ అవ్వల కథ విన్నవారికి ఈ బాధను వివరింప నక్కరలేదు. 1888లో రథర్‌ఫర్డ్ వాడెల్ అను పాదిరి ఈ అన్యాయమును చర్చిలోనే ఖండించెను. 1889 జులైలో దర్జీ స్త్రీల సంఘము వెలసెను. ఆ దేశమున స్త్రీలకు అదియే మొదటి కార్మిక సంఘము. మరుసటి యేట హ్యారియట్ దానికి కార్యదర్శి యయ్యెను.

కూలి రేట్లు కుదిరిన చాలునా? చట్టములు చేయువారు మగవారు. వారిని ఎన్నుకొనువారును మగవారే. అందుచే ఆమె 1892లో హెలెన్ నికల్ మొదలగువారితో కలిసి డునెడిన్‌లో స్త్రీల ఓటుహక్కు సంఘమును స్థాపించెను. ఆ పట్టణపు పార్లమెంటు సభ్యుడు హెన్రీ ఫిష్ దీనికి బద్ధవిరోధి. డబ్బిచ్చి మనుషులను పెట్టి ఎదురు అర్జీకి సంతకములు పోగుచేయించెను. వానిలో దొంగ సంతకములును బయటపడెను. ఆయన ఆ యేడే మేయరు పదవికి నిలువగా స్త్రీలు వ్యతిరేకముగా పనిచేసిరి. ఆయన ఓడెను.

1893లో దాదాపు 32,000 మంది స్త్రీలు అర్జీలపై సంతకములు చేసిరి. సెప్టెంబరు 19న ఓటుహక్కు చట్టమాయెను. ఆ సంవత్సరపు ఎన్నికలో ఫిష్ పార్లమెంటు స్థానమును కూడ కోల్పోయెను.

కాని ఆ చట్టమున ఒక మెలిక యుండెను. స్త్రీలు ఓటు వేయవచ్చును, సభలో కూర్చుండరాదు! ఈ నిషేధము 1919 వరకు నిలిచెను. ఇరువదియారు సంవత్సరములు! ఓటు ఇచ్చిన చేతితోనే కుర్చీని దాచిపెట్టుట నాకు మోసముగానే తోచును.

హ్యారియట్ 1906లో కర్మాగారముల తనిఖీ అధికారిణి యయ్యెను. 1925లో ఆక్లండులో మరణించెను. స్త్రీని పార్లమెంటున చూచు భాగ్యము ఆమెకు కలుగలేదు. 1933లో ఎలిజబెత్ మెకూంబ్స్ లిటెల్టన్ స్థానమునుండి తొలి సభ్యురాలిగా ఎన్నికయ్యెను. డునెడిన్ నగరము ఎథెల్ మెక్‌మిలన్‌ను పంపినది 1953లో. ఫిజీలో మన స్త్రీలకు ఓటు వచ్చినది అటుపై పదేండ్లకు, 1963లో.