అరువు రక్షణ, సొంత రక్షణ

పిల్లాడి కాల్లో తుప్పు మేకు దిగితే ఇంజక్షన్‌కి పరుగెడతాం. గాయం లోతుగా ఉండి, పాత టీకాల లెక్క తేలకపోతే డాక్టరుగారు ఒకటి కాదు, రెండు ఇంజక్షన్లు చేస్తారు. రెండెందుకు? ఈ కథ ఎమిల్ ఫాన్ బేరింగ్ దగ్గర మొదలవుతుంది.

1854లో ప్రష్యాలోని హాన్స్‌డార్ఫ్ పల్లెలో ఓ బడిపంతులుగారింట పుట్టాడు. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని జీతం. డాక్టరీ చదివించే స్తోమతు లేదు. చదువయ్యాక సైన్యంలో పనిచేసే షరతు మీద బెర్లిన్‌లో సైనిక వైద్య కళాశాలలో చేరాడు.

ఆ రోజుల్లో కంఠసర్పి పసివాళ్ల పాలిట మృత్యువు. గొంతులో పొర కట్టి, ఊపిరాడక, బిడ్డలు తల్లి ఒళ్లోనే కన్నుమూసేవారు. 1890లో బేరింగ్, జపాన్ నుంచి వచ్చిన కిటసాటోతో కలిసి ఒక సంగతి బయటపెట్టాడు. ధనుర్వాతం, కంఠసర్పి విషాలకి అలవాటుపడిన జంతువు రక్తంలోని సీరం ఆ విషాన్ని విరిచేస్తుంది. మరో జంతువుకి ఎక్కిస్తే దాన్నీ కాపాడుతుంది. అందులో పనిచేసేవే యాంటీబాడీలు. 1894 నుంచి ఆ సీరం మందుగా తయారై, ఎందరో తల్లులకి కడుపుకోత తప్పించింది. 1901లో వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది.

కానీ అరువు బలం ఎన్నాళ్లు? కొన్ని వారాలే. అందుకే 1913లో విషాన్నీ విరుగుడునీ కలిపి టీకాగా ఇచ్చే పద్ధతి ప్రకటించాడు. ఇక్కడే ఉంది చిక్కు. విరుగుడు ఎక్కువైతే ఒళ్లు విషాన్ని గుర్తుపట్టదు, టీకా వృథా. తక్కువైతే ప్రాణగండం. బేరింగ్ 1917లో మార్బర్గ్‌లో కన్నుమూశాడు. రెండేళ్లకి, 1919లో, అమెరికాలోని డల్లాస్‌లో విషం సరిగా విరగని మిశ్రమానికి పసివాళ్లు బలయ్యారు.

1923లో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామన్ ఫార్మాలిన్‌తో విషం కోరలు పీకి, టాక్సాయిడ్ టీకాకి దారి చూపాడు. ఇప్పటి ధనుర్వాతం, కంఠసర్పి టీకాలు ఆ కోవలోవే. వాటికి విరుగుడు కలపక్కర్లేదు.

ఆ రెండు ఇంజక్షన్ల రహస్యం అదేనండీ. యాంటీబాడీలది వెంటనే అందే అరువు రక్షణ. టీకాది నెమ్మదిగా పెరిగే సొంత రక్షణ. ఒకదాన్నొకటి విరవకుండా వేరు సిరంజిలతో, వేరు చోట్ల ఇస్తారు. మొదటిది పడిందికదా అని రెండోది మానెయ్యకండి. తర్వాతి డోసులూ మరవకండి. పిల్లల టీకా కార్డుని బీరువాలో నగలపెట్టె పక్కనే భద్రంగా దాచండి. ఆపదవేళ డాక్టరుగారు ముందుగా అడిగేది దాన్నే.