గులాబీ జలుబుపై గ్రంథం రాసిన హకీం

పూలు పూసే కాలం రాగానే కొందరికి తుమ్ములు మొదలవుతాయి. ముక్కు కారుతుంది, కళ్లు దురద పెడతాయి. మన ఇళ్లలో నజ్లా, జుకామ్ అని చెప్పుకునే ఈ బాధకు ఒక ఋతువుతో, ఒక పువ్వుతో లంకె ఉందని గమనించి, దానిపై ప్రత్యేకంగా చిన్న గ్రంథం రాసిన వైద్యుడు వెయ్యేళ్ల క్రితమే ఉన్నారు. ఆయనే అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ.

హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో, ఇరాన్‌లోని రై పట్టణంలో జన్మించారు. నేటి టెహ్రాన్‌ను ఆనుకుని ఉన్న ఆ ఊరి పేరు మీదే రాజీ అయ్యారు. వైద్యం వైపు ఆలస్యంగానే మళ్లినా రైలోనూ, బగ్దాద్‌లోనూ ఆస్పత్రులకు పెద్దగా పనిచేశారు.

గ్రంథాల్లో ఉంది కదా అని దేన్నీ ఒప్పుకునే మనిషి కాదు. యూనానీ హకీములు గురువుగా భావించే జాలీనూస్ మీదనే సందేహాలు లేవనెత్తుతూ పుస్తకం రాశారు. సర్సామ్ లక్షణాలున్న రోగుల్లో కొందరికి రక్తం తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచి, ఫలితాలు పోల్చి చూశారు. మశూచి వేరు, తట్టు వేరు అని స్పష్టంగా విడదీసి రాసిందీ ఆయనే.

ఇక గులాబీ సంగతి. నేటి ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ బల్ఖీ పేరుమోసిన పండితుడు, భూగోళవేత్త. శరీరంతో పాటు మనసు ఆరోగ్యం గురించి కూడా గ్రంథం రాసినవారు. అంతటివారికీ వసంతంలో గులాబీలు వాసన చూస్తే జుకామ్ పట్టుకునేది. ఎందుకు పట్టుకుంటుందన్నదే రాజీ పుస్తకం. రోగి పేరు, ఋతువు, పువ్వు మూడూ దాని శీర్షికలోనే ఉన్నాయి.

అసలు కారణం మాత్రం ఆయన కంటికి అందేది కాదు. 1819లో లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్ వేసవిలో తనకు వచ్చే ఇలాంటి జలుబునే వర్ణించారు. దానికి మూలం గాలిలో తేలే పుప్పొడి అని 1873లో మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ నిరూపించారు. జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి పైకి పంపి మరీ పుప్పొడిని పట్టారాయన!

గులాబీ పుప్పొడి బరువైనది. దాన్ని తేనెటీగలు మోయాలి, గాలి మోయలేదు. అదే రోజుల్లో గడ్డి, చెట్లు కంటికి కనిపించని పుప్పొడిని గాలిలోకి వదులుతాయి. కనుక చాలామందికి గులాబీ కేవలం సాక్షి, నేరం మరొకరిది. వాచిన ముక్కును ఘాటైన వాసన మరింత రేపుతుందన్నదీ నిజమే.

ఆ నేరస్థుడు వాతావరణాన్ని బట్టి మారతాడు. ఉత్తర యూరప్‌లో బిర్చ్ చెట్టు, మధ్యధరా తీరంలో ఆలివ్, జపాన్‌లో సుగి వృక్షం. మన దగ్గర పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ. వానలు పడితే తడిసిన గోడలు, పాత కాగితాలు, గడ్డివాముల మీద బూజు పెరిగి, దాని సూక్ష్మబీజాలు గాలిలో లేస్తాయి. ఆయాసపడే పిల్లవాణ్ని చూసి మనం మల్లెలనో, అత్తరునో తిట్టి ఊరుకుంటాం. ఏ నెలలో, ఎక్కడ ఉన్నప్పుడు ఎక్కువవుతుందో రాసిపెట్టి డాక్టరుకు చెబితే ఆయన పని సులువవుతుంది. రాజీ చేసిందీ అలాంటి పనే.

చివరి రోజుల్లో ఆయన చూపు కోల్పోయారు. హిజ్రీ 313లో, క్రీ.శ. 925లో రైలోనే కన్నుమూశారు. జీవితమంతా రాసుకున్న వైద్యపు కాగితాలు సోదరి దగ్గర మిగిలాయి. వజీరు ఇబ్నుల్ అమీద్ ఆమె నుంచి వాటిని సేకరించి, శిష్యులచేత కూర్పించారు. అదే 'అల్ హావీ'. 1279లో లాటిన్‌లోకి వెళ్లి యూరప్ వైద్యులకు పాఠమైంది. దాని అరబీ మూలాన్ని 1955 నుంచి 23 భాగాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్.