పదకొండేండ్లకు పైగా ఓడినా బిల్లు ఇడిసిపెట్టని ఎంపీ

ఓట్లకు పైసలు పంచుడు మన దగ్గర్నే పుట్టిందనుకుంటం. 1780 సంవత్సరంల ఇంగ్లండ్‌ల 21 ఏండ్ల పోరడొకడు గదే పని చేసి ఎంపీ అయిండు. హల్ అనే రేవు పట్నంల పెద్ద వ్యాపారి ఇంట్ల పుట్టిన విలియం విల్బర్‌ఫోర్స్ ఆ ఎలక్షన్‌కు 8 వేల పౌండ్లకు పైనే ఖర్చు వెట్టిండు. చూస్తే బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం అద్భుతం. క్లబ్బులు, పేకాట, పాటలు, దావత్‌లు. జిగ్రీ దోస్తు విలియం పిట్ 24 ఏండ్లకే ప్రధాని అయిండు. ఇంకేం కావాలె?

1785ల యూరప్ తిరుగుకుంట, ఎంట ఉన్న మాస్టరుతోని కలిసి బైబిల్ చదివిండు. అప్పటిసంది నిద్ర పట్టలే. పేకాట బంద్ జేసిండు. దేవుని నమ్మినోడు రాజకీయాల ఉండొచ్చా, ఈ బురదంత ఇడిసిపెట్టి పోవాల్నా అని మస్తు రంది పడ్డడు. ఎవ్వరికీ తెల్వకుంట జాన్ న్యూటన్ అనే పాస్టర్‌ను కలిసిండు. ఆ న్యూటన్ ఒకప్పుడు బానిసలను మోసే ఓడకు కెప్టెన్. ఎక్కడున్నవో అక్కడ్నే ఉండి పని చెయ్యమని ఆయన చెప్పిండు. పిట్ కూడ గదే మాట అన్నడు.

చేసేటందుకు పని ఎదురుంగనే ఉంది. ఆఫ్రికా నుంచి మనుషులను సంకెళ్లేసి, ఓడల కుక్కి, వెస్టిండీస్ చెరుకు తోటలకు అమ్ముతున్నరు. లివర్‌పూల్, బ్రిస్టల్ పట్నాలు ఆ పైసలతోనే బలిసినయ్. పార్లమెంట్ల కూసున్నోళ్లల్ల గూడ తోటల ఓనర్లు ఉన్నరు. 1789 మే 12 నాడు విల్బర్‌ఫోర్స్ లేచి మూడున్నర గంటలు మాట్లాడిండు. 1791ల బిల్లు పెడితే 163–88 ఓట్లతోని ఓడగొట్టిన్రు. అయినా మళ్లమళ్ల పెట్టిండు. 1796ల నాలుగే ఓట్లతోని పోయింది, 74కు 70. ఆ రాత్రి మద్దతిచ్చే ఎంపీలు కొందరు కొత్త నాటకం చూసెతందుకు పోయిన్రట! గెలుపు చేతిలకచ్చి జారిపోతే మంచాన పడ్డడు.

ఇదంత ఒక్కని కష్టం కాదు, ఆ సంగతి చెప్పకుంటే అన్యాయం. థామస్ క్లార్క్‌సన్ గుర్రమెక్కి రేవు రేవు తిరిగి సాక్ష్యాలు తెచ్చిండు. బానిసగ బతికి బయటపడ్డ ఒలాడా ఎక్వియానో తన కథ తానే పుస్తకంగ రాసిండు. ఊర్లల్ల జనం బానిసల చెమటతోని వచ్చిన చక్కెర తినుడు మానేసిన్రు. హైతీల బానిసలే తిరుగబడ్డరు.

విల్బర్‌ఫోర్స్‌ల నాకు నచ్చేది వేరే. ప్రధాని దోస్తయినా మంత్రి పదవి తీస్కోలే. ఫ్రాన్స్‌తోని యుద్ధం ఆపాలని 1794 ఆఖర్ల అదే దోస్తుకు సభల ఎదురు నిలవడ్డడు. కొన్నొద్దులు ఇద్దరి నడుమ మాటలు సల్లవడ్డయ్. కులానికో, పార్టీకో తలొంచేటోళ్లను రోజూ చూసే మనకు ఇది చిన్న సంగతేం కాదు. 1807 ఫిబ్రవరిల కామన్స్ సభ 283–16తోని బానిసల వ్యాపారం బంద్ జేసే బిల్లును ఒప్పుకుంటుంటే ఆయన తల దించుకొని ఏడ్సిండు.

అట్లని మొత్తం మెచ్చుకునుడు కుదరదు. ఎక్కడో ఉన్న బానిసల కోసం కొట్లాడినాయనే, సొంత దేశంల కూలీలు సంఘం పెట్టుకోవద్దనే 1799 చట్టానికి వంత పాడిండు. ఆడోళ్లు ఊర్లు తిరిగి సంతకాలు పట్టుడు ఆయనకు గిట్టలే. 1813ల పాదరీలు మన దేశానికి వచ్చేటట్టు కంపెనీ చట్టం మార్పిచ్చినోళ్లల్ల ముందున్నడు. అప్పుడు హిందువుల నమ్మకాలను మస్తు తక్కువ జేసి మాట్లాడిండు. నమ్మకం ఒక కన్ను తెరిపిచ్చింది, ఇంకో కన్ను మూసే ఉంచింది.

ముసలితనంల ఆస్తి కరిగిపోయింది. పెద్ద కొడుకు పాల వ్యాపారం మునిగితే, అప్పులు కట్టి, ఇల్లు ఇడిసి, మిగతా కొడుకుల ఇండ్లల్ల ఉన్నడు. 1833 జులై 26న బానిసత్వాన్నే రద్దు జేసే బిల్లు గట్టెక్కుతదని కబురచ్చింది. మూడొద్దులకు, 29న, పానం ఇడిసిండు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేల పిట్ సమాధి దగ్గర్నే బొందవెట్టిన్రు.

ఆ చట్టంతోని దగ్గరదగ్గర 8 లక్షల మందికి విడుదల. సర్కారు ఇచ్చిన 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం మాత్రం ఓనర్లకే పోయింది, బానిసలకు పైసా ఇయ్యలే. ఈస్టిండియా కంపెనీ ఏలే జాగలకు ఆ చట్టమే వర్తించదని రాసుకున్నరు. అంటే మద్రాస్ ప్రెసిడెన్సీ కింద ఉన్న తెలుగు జిల్లాలకు గూడ లేదన్నట్టు. ఇక్కడ బానిసత్వాన్ని కోర్టులు ఒప్పుకోవద్దనే చట్టం రావాలంటే 1843 దాక ఆగాల్సొచ్చింది.